నోటికి అడ్డం పెట్టని చెయ్యి

పోయిన వారం మనం కనకవ్వను భివండి రోడ్ స్టేషన్లో, రైలు కిటికీ పక్కన కూర్చోబెట్టి వచ్చేశాం. ఒళ్లో సర్వపిండి డబ్బా, భుజాల మీద ఊలు శాలువా, ముఖంలో సంతోషం, ఆ సంతోషం అడుగున ఒక అనుమానం. కాల్హేర్ గోదాంలో సూపర్‌వైజర్ పని చేసే కొడుకు సంపత్ జ్వరమొచ్చినా నాగా పెట్టని మనిషి. అలాంటివాడు ఉన్నట్టుండి సెలవు పెట్టి, "అమ్మా, వసై కోట చూపిస్త పా" అన్నాడు. మనవరాలు నమ్రత, కోట గురించి బడిలో రాసుకురమ్మన్నారని ఎగిరి గంతేసింది. కనకవ్వ మామ ఆగయ్య మాత్రం మోకాళ్లు నొస్తున్నాయని రానన్నాడు. రైలు కదిలింది. కదలగానే కోడలు అనురాధ అటు తిరిగి కళ్లు తుడుచుకోవడం కనకవ్వ కంటబడింది. మనం అక్కడ ఆగాం.

ఆ కన్నీళ్లు ఎందుకో ఇవాళ తెలుస్తుంది. అయితే కనకవ్వకు తెలిసినప్పుడే మనకూ తెలియాలి. ఆమెకంటే ముందు మనం తెలుసుకుంటే, ఇంట్లోవాళ్లు ఆమెకు చేసిన అన్యాయంలో మనమూ పాలు పంచుకున్నట్టే అవుతుంది.

రైలు ఉప్పునీటి ఖాడీ దాటేటప్పుడు నీళ్ల మీద పొగమంచు ఇంకా లేవలేదు. కనకవ్వ కిటికీ ఊచలకు నుదురు ఆనించి చూస్తూ కూర్చుంది. పెళ్లయి భివండికి వచ్చిన నాటి నుంచి ఆమె చూసిన ప్రయాణాలు రెండే రకాలు. ఒకటి ఊరికి, పెళ్లికో చావుకో. రెండోది ఆసుపత్రికి. ఊరికే చూడటానికని పోవడం ఇదే మొదలు. అందుకే అనుమానాన్ని తనే ఓ పక్కకు నెట్టింది. కొడుక్కి ఇన్నాళ్లకు తల్లి మీద మనసు పడితే దాన్ని కూడా తరచి తరచి చూడాలా అని తనను తనే కసురుకుంది.

వసైలో దిగి ఆటో ఎక్కారు. నిన్ననే క్రిస్మస్ అయిపోయింది. దారి పొడుగునా పెంకుటిళ్ల అరుగుల మీద కాగితం నక్షత్రాలు ఇంకా వేలాడుతున్నాయి. పాత ఇళ్లు, చెక్క గడపలు, ముందు పూలకుండీలు. ఒక ముసలామె అరుగు మీద కూర్చుని ఎండ కాచుకుంటూ నమ్రతకు చెయ్యి ఊపింది. కోట గోడ దగ్గరికి వచ్చేసరికి ఎండబెట్టిన బొంబిల్ చేపల వాసన గుప్పుమంది. నమ్రత ముక్కు మూసుకుంది.

కోట అంటే కనకవ్వ మనసులో ఉన్నది వేరు. గుట్ట మీద బురుజులు, మెట్లు, ఫిరంగులు ఉంటాయనుకుంది. ఇక్కడ అవేవీ కనబడలేదు. తాటిచెట్ల మధ్య ఒక ఊరికి ఊరే కప్పు ఊడిపోయి నిలబడి ఉంది. వీధులున్నాయి. ఇళ్లున్నాయి. తలుపులు లేని గుమ్మాలు, చట్రాలు లేని కిటికీలు, పైకి పోయి ఆగిపోయిన మెట్లు. గోడల్లోంచి రావి మొలిచి రాళ్లను మెల్లగా పక్కకు తోస్తోంది. ఒక కిటికీ దగ్గర కాబోయే పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఫొటోలు తీయించుకుంటున్నారు.

"బాపమ్మా, గీడ పోర్చుగీజ్ లోక్ ఉండేటోళ్లు" అని నమ్రత చెయ్యి పట్టుకుని లాగింది. "మగ్ మరాఠే ఆలే, మరాఠోళ్లు వచ్చిండ్రు. ఖూప్ మోఠీ, శాన పెద్ద లఢాయి అయింది."

"అయితె ఇండ్లు గిట్లనే ఇడిసిపెట్టి పోయిండ్రా?"

"ఓడిపోయిండ్రు గద బాపమ్మా. జావంచ్ లాగ్తే, పోవాల్సిందే."

పిల్లకు అది పాఠం. కనకవ్వకు మాత్రం మనసు కలుక్కుమంది. ఒక ఇంటి వెనక గోడ మీద పొయ్యి మసి లాంటి నల్లటి మరక కనిపిస్తే అక్కడే ఆగిపోయింది. అది నిజంగా మసో, పాకురు ఎండిన మరకో ఎవరికి తెలుసు? ఆమె మాత్రం మసే అనుకుంది. ఇక్కడ నిలబడి వంట చేసిన ఆడమనిషి ఎవరో, ఈ ఇల్లు విడిచిపొమ్మన్నప్పుడు ఆమెను ఎవరైనా ఒక మాట అడిగారో లేదో అనుకుంది. భాష తెలియని, పేరు తెలియని ఆ మనిషి మీద జాలి పుట్టుకొచ్చింది.

మధ్యాహ్నానికి ఒక పాత చర్చిలోకి చేరారు. గోడలు ఎత్తుగా నిలిచే ఉన్నాయి, పైన మాత్రం ఆకాశం. నేల మీద పరిచిన బండలన్నీ సమాధులేనని నమ్రత అక్షరాలు తడిమి చెప్పింది. కనకవ్వ గుమ్మం దగ్గరే చెప్పులు విడిచింది. ఎవరి దేవుడైతేనేం, దేవుడి ఇల్లు కదా. బండల మీద అన్నం తినడానికి ఒప్పుకోలేదు. పక్క కమాను కింద మెట్టు మీద కూర్చుని డబ్బా మూత తీసింది.

ఇక్కడ కనకవ్వ చెవుల సంగతి ఒకటి చెప్పుకోవాలి. కొత్తగా చదువుతున్నవాళ్లకు తెలియకపోవచ్చు.

కనకవ్వకు వినబడదు. అసలే వినబడదని కాదు, గట్టిగా అరిస్తే ఏదో మోగినట్టు తెలుస్తుంది. పెళ్లయిన మర్నెల నుంచి నిన్నటి దాకా ఆమె కూర్చున్నది సాంచల షెడ్డులో, కండెలు చుట్టే మిషన్ ముందు. మరమగ్గాన్ని అక్కడ మనవాళ్లు సాంచ అంటారు. ఆ ఇంటి సొంత సాంచలు నాలుగు, నాలుగు వైపుల నుంచి ఢక్‌ఢక్‌మని కొడుతుంటే మనిషి చెవి ఎన్నేళ్లని ఓర్చుకుంటుంది? కానీ షెడ్డు ఒకటి తీసుకుని ఇంకొకటి ఇచ్చింది. సాంచల మధ్య పనిచేసేవాళ్లు మాట వినరు, చూస్తారు. పెదవి కదిలితే చాలు, షెడ్డు ఆ చివర నుంచి మాట ఈ చివరకు వస్తుంది. అక్కడ గుట్టు మాట చెప్పుకోవాలంటే గొంతు తగ్గించి లాభం లేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. కొంగు, రుమాలు, కండెల బుట్ట, ఏదైనా సరే. షెడ్డులో పెరిగిన పిల్లలకు నడక వచ్చేలోపే ఆ అలవాటు వస్తుంది. ఆ గల్లీలోనే వేరే షెడ్డులో కండెలు చుట్టి పెరిగిన అనురాధ ఈ ఇంటికి కోడలుగా వచ్చిన మొదటి రోజున కూడా, తోడు వచ్చిన పిల్లలతో చున్నీ అడ్డం పెట్టుకునే నవ్వింది. అది చూసి కనకవ్వ, మన పిల్లే అని మురిసిపోయింది.

సంపత్ మాత్రం షెడ్డు వదిలి గోదాంకు పోయి చాలాకాలమైంది. అక్కడ అందరికీ చెవులున్నాయి.

సర్వపిండి తింటూ కనకవ్వ తలెత్తి చూసేసరికి సంపత్ లేచి దూరంగా పోయి నిలబడ్డాడు. చర్చి అవతలి గోడ దగ్గర, ఎండలో. చెవుల్లో ఫోను తీగ. తల్లి తన వైపు వస్తుందేమోనని కనిపెడుతూ ఆమె వైపే ముఖం పెట్టి మాట్లాడుతున్నాడు. చెవిటి తల్లి, ఇంత దూరం, ఇంకేం భయం? అటు తిరిగి నిలబడినా బాగుండేది. తల్లి మీద కన్నేసి ఉంచాలన్న జాగ్రత్తే అతని కొంప ముంచింది.

కనకవ్వ చూడాలని చూడలేదు. కళ్లు వాటంతట అవే చూశాయి.

"మల్లేశన్నా, ఆళ్లు వచ్చిండ్రా?" అన్నాయి కొడుకు పెదవులు. తర్వాత కాసేపు ఊరుకున్నాయి. "మూడు అయిపోయినయా? మంచిది. నాలుగోది గూడ ఇడువద్దు. పగలగొట్టి టెంపోల ఏపియ్యి. అమ్మ వచ్చేసరికి షెడ్డు సాఫ్ గావాలె."

చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"లేదు, లేదు. అమ్మకు ఏం తెల్వది. గీడ కూసొని తింటున్నది."

మూడు వారాలుగా షెడ్డుకు కొత్త బీము, పడుగు నూలు చుట్టిన దిమ్మ, రాలేదు. అడిగితే నూలు దొరకడం లేదన్నారు. సాంచలు నడిపే మల్లేశం నిన్న పని దిగేటప్పుడు ఆమె ముఖం చూడకుండా, పోయొస్త వదినా అన్నాడు. ఇవాళ శుక్రవారం, భివండిలో సాంచలకు సెలవు. షెడ్డులో ఎవరూ ఉండరు. పాత ఇనుము కొనే భంగారోళ్లు సుత్తెలు పట్టుకుని వస్తే అడ్డుపడే దిక్కు ఉండదు. కనకవ్వకు ఒకటొకటే కళ్ల ముందు కట్టాయి. తనను కోట చూపించడానికి తీసుకురాలేదు. ఇంట్లోంచి తప్పించడానికి తీసుకొచ్చారు.

ముక్కను డబ్బాలో పెట్టి మూత వేసింది. పక్కన అనురాధ నేల చూపులు చూస్తోంది. నమ్రత సమాధి మీది అక్షరాలను పుస్తకంలో దించుకుంటోంది.

"సంపత్, ఇటు రా" అని పిలిచింది కనకవ్వ.

అతను తీగ తీసి జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. "ఏందమ్మా, నీళ్లు గావాల్నా?" అని ఆమె చెవి దగ్గర వంగి అరిచాడు.

"ఒర్రకు. మూడయినయా?"

"ఏంది మూడు?"

"సాంచలు. మూడు పగలగొట్టిండ్రు. నాలుగోది ఇడువద్దంటివి. నేను వచ్చేసరికి షెడ్డు సాఫ్ గావాలంటివి."

సంపత్ వెనక్కి తిరిగి, తాను నిలబడిన గోడ వైపు చూశాడు. మళ్లీ తల్లిని చూశాడు. మధ్యలో ఎంత దూరం ఉందో కొలుచుకుంటున్నట్టు చూశాడు. అప్పుడు, తనకు తెలియకుండానే, అతని చెయ్యి పైకి లేచి నోటి మీదికి పోయింది. చిన్నప్పుడు పలక అడ్డం పెట్టుకుని చాడీలు చెప్పిన పిల్లాడే వాడు. గుర్తొచ్చింది, కానీ ఆలస్యంగా.

"ఇప్పుడు అడ్డం పెట్టుకుంటె ఏం ఫాయిదా?" అంది కనకవ్వ.

సంపత్ మెట్టు మీద కూలబడ్డాడు. అక్కడి నుంచే మాట్లాడాడు. ముఖం ఆమెకు ఎదురుగా పెట్టి, ఈసారి అరవకుండా, ఒక్కో మాటా కనబడేటట్టు.

"చెప్తె నువ్వు ఒప్పుకుంటుంటివా?"

"ఒప్పుకోకపోదును."

"మరి?"

"ఒప్పుకోకున్నా చెప్పాలె గద. నీకు ఎరుకుండె, మల్లేశంకు ఎరుకుండె, భంగారోనికి సుత ఎరుకుండె. నాకొక్కదానికే ఎరుక లేకపాయె."

"అమ్మా, జర ఇను. ఎన్నొద్దులు మోస్తం వాటిని? మన గల్లీల సగం షెడ్లు గోదాములయినయ్. ఊరికెళ్లి పనికి ఒక్కడు వస్తలేడు. కొత్త మిషన్లు పెట్టినోడు ఒక్కదినంల నేసింది మనం వారంల నేస్తున్నం. బాపు గుండె పాయె ఆ షెడ్డుల. నీ చెవులు పాయె. ఇంక ఏం పోవాల్నని సూస్తున్నవ్?"

ఆ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. అదే కనకవ్వకు ఎక్కువ బాధ అనిపించింది. కొడుకు దుర్మార్గుడైతే నాలుగు తిట్టి తేలికపడేది. వీడు తనను ప్రేమించే ఈ పని చేశాడు.

"సాంచ ఇనుము బిడ్డా. ఇనుమును ఒకనాడు భంగారోడు కొంటడు. గది నాకు తెల్వదా?" అంది. "నీ బాపు పోయిననాడు నేనేడున్ననో నీకు యాదున్నదా?"

సంపత్ తల అడ్డంగా ఊపాడు.

"పక్కింటి సమ్మవ్వోళ్ల రూంల కూసోబెట్టిండ్రు. సాంచ మీదనే పడ్డడు, మొఖం మీద దెబ్బ తాకింది, సూస్తె తట్టుకోదన్నరు. కడిగి, బట్టలు మార్చి, బొట్టు పెట్టి, అంతా సాఫ్ చేసినంక నన్ను పిలిచిండ్రు. నేను సూసింది నా మొగన్ని కాదు సంపత్, ఆళ్లు తయారు చేసిన మనిషిని. ఆఖరుకు ఆ దెబ్బ ఏ పక్కకు తాకిందో గూడ నాకు తెల్వది. ఇన్నేండ్లాయె, ఎవ్వల్నీ అడగలే." చెవిటివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియదు. ఫొటోల కోసం చర్చి దాకా వచ్చిన ఆ జంట ఇటు తిరిగి చూసింది. "ఇయ్యాల మల్ల గట్లనే చేస్తివి. అప్పుడు పక్కింట్ల కూసోబెట్టిండ్రు, ఇప్పుడు కోటల కూసోబెడ్తివి."

సంపత్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అనురాధ ముఖం చేతుల్లో దాచుకుంది. నమ్రత పుస్తకం మూసేసి, ఎవరిని ఓదార్చాలో తెలియక, బాపమ్మ పక్కకు వచ్చి ఆనుకుని కూర్చుంది.

మిగతా మూడు సాంచల సంగతి వేరు. నాలుగో సాంచ సంగతి కనకవ్వకు తప్ప ఆ ఇంట్లో ఇంకొకరికే తెలుసు. ఆ ఒకరు మామ ఆగయ్య.

కనకవ్వ మొగుడు, అప్పటిదాకా కూలికి నేసిన భూపతి, సొంతంగా సాంచలు కొన్న రోజుల్లో, చివరగా వచ్చింది ఆ నాలుగోది. దానికి దువ్వెన లాంటి అచ్చులోంచి ఒక్కో పోగూ లాగి ఎక్కించింది భూపతే, రాత్రీ పగలూ కూర్చుని. పోగులు ఒకసారి ఎక్కాక మళ్లీ ఎక్కించే పని ఉండదు. బీము అయిపోవస్తుంటే, పాత పోగుల కొసలు తెంపకుండా ఉంచి, కొత్త బీము పోగులను వాటికి ఒక్కొక్కటిగా ముడి వేస్తారు. పాతది కొత్తదాన్ని అచ్చులోంచి తనతో లాక్కుపోతుంది. అలా భూపతి ఎక్కించిన తొలి పోగుల వెంట ఎన్ని బీములు వచ్చాయో లెక్కలేదు. మిగతా మూడింటికీ రకం మారినప్పుడల్లా అచ్చు విప్పారు. నాలుగోదానికి మాత్రం ఆగయ్య ఏనాడూ విప్పనివ్వలేదు. భూపతి పోయిన రోజున ఆ సాంచ మీద బీము సగం ముళ్లతో ఆగింది. పదకొండో రోజు అయ్యాక కనకవ్వ వెళ్లి కూర్చుని మిగతా సగం ముళ్లు తానే వేసింది. ఆడది సాంచ మీద కూర్చోవడమేమిటని గల్లీలో గునిసినవాళ్లను ఆగయ్య ఒక్క చూపుతో నోరు మూయించాడు. ఆ రోజు నుంచి ఆ సాంచ ఆమెకు ఇనుము కాదు. దాన్ని తెంపే రోజు వస్తే తెంపే చెయ్యి తనదే కావాలని లోపల ఎక్కడో అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం వస్తుందనీ అనుకోలేదు.

"నేను చెప్దామన్న అత్తమ్మా" అంది అనురాధ. ఆ మాట ఆమె పెదవుల మీద కనకవ్వకు స్పష్టంగా కనిపించింది. "రోజూ చెప్దామనే అనుకున్న. ఇంట్ల వద్దన్నరు."

"ఎవ్వలు వద్దన్నరు?"

అనురాధ మొగుడి వైపు చూసింది. సంపత్ తల వంచుకున్నాడు. అంతలో అతని జేబులో ఫోను వణికింది.

మల్లేశం. ఈసారి వీడియో కాల్. సంపత్ ఎత్తగానే, చెవిటి కనకవ్వకు కూడా ఏదో మోగుతున్నట్టు తెలిసింది. కప్పు లేని ఆ గోడల మధ్య ఆ చప్పుడు పెద్దదై తిరుగుతోంది. అది ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. సాంచ నడుస్తోంది.

"సంపత్, గిది సూడు" మల్లేశం ముఖం తెర నిండా ఉంది, చెమటతో. "మీ తాత జెప్పన లోపలికి పోయి తలుపుకు గొండ్లం పెట్టుకున్నడు. నాలుగోదాన్ని సాలు చేసి నడిపిస్తున్నడు. భంగారోళ్లు సుత్తెలు పట్టుకొని బయట నిలవడ్డరు. నడుస్తున్న సాంచ మీద సుత్తె ఎత్తం అంటున్నరు. టెంపోవోడు ఒర్రుతున్నడు. కరెంటు మెయిన్ బంద్ చెయ్యమంటవా?"

"తాతనా? మోకాళ్లు నొస్తున్నయని..." సంపత్ మాట మింగేశాడు. "ఏమంటుండు తాత?"

"ఏందో అంటనే ఉన్నడు. మోతల ఒక్క ముక్క ఇనవడ్తలేదు, మఫ్లర్ అడ్డముండి పెదిమెలు కనవడ్తలేవు. మీ అమ్మను సూపియ్యమని సైగ చేస్తున్నడు."

సంపత్ ఫోను తల్లికి ఇచ్చాడు. ఇచ్చి, మెయిన్ ఎక్కడుందో, వైర్లు ఎటు పోతాయో ఆలోచిస్తూ అటూ ఇటూ నడిచాడు.

కనకవ్వ లేచి, ఎండ పడకుండా శాలువా అంచు ఫోను మీదికి లాక్కుని చూసింది. మల్లేశం ఫోనును ఇనుప జాలీ తలుపుకు ఆనించి, తను టెంపోవాడి వైపు తిరిగి పట్టుకున్నాడు. లోపల మసక వెలుతురు. నేల మీద విరిగిన ఇనుము, చెక్క, మూడు సాంచల శవాలు. వాటి వెనక నాలుగోది నడుస్తోంది. దాని పక్కన మఫ్లర్ కట్టుకుని ఆగయ్య. కనకవ్వ ముఖం కనబడగానే ముసలాయన అరవడం మానేశాడు. జాలీకి దగ్గరగా వచ్చి, మఫ్లర్ కిందికి లాగి, షెడ్డులో ఒకప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు మాట్లాడినట్టే, గొంతు లేకుండా పెదవులు కదిపాడు.

"సూస్తున్నవా బిడ్డా?"

కనకవ్వ తల ఊపింది.

"అమ్ముమన్నది నేనే. నీకు చెప్పొద్దన్నది గూడ నేనే. పోరని తప్పు లేదు."

ఆ సాంచను తనంత ప్రాణంగా చూసుకున్న మనిషి. పొద్దున తలుపు దగ్గర నిలబడి, పదిలంగ పోయి రా బిడ్డా అన్న మనిషి.

"నువ్వు సూస్తె తట్టుకోవనుకున్న. ఆళ్లు మొదటిదాన్ని కొడ్తుంటె నేనే తట్టుకోకపోతి." చెయ్యి ఎత్తి వెనక ఉన్న బీమును చూపించాడు. నూలు చుట్లు పలచబడి లోపలి ఇనుము కనబడుతోంది. "ఇంక గింతనే ఉన్నది. సగం బట్ట మీద కత్తెర పెట్టనియ్య. ఇది ఒడిసేలోపల రా. ఆఖరు కొసలు నువ్వు కొయ్యి. తర్వాత ఇచ్చేద్దాం. ఇచ్చుడు మంచిదే కనకవ్వా, నా మాట ఇను."

తెర వణికి మళ్లీ మల్లేశం ముఖం వచ్చింది. జల్దీ చెప్పుండ్రి అంటున్నాడు.

కనకవ్వ ఫోను పట్టుకుని అలాగే నిలబడింది. గోడల పైన ఆకాశం తెల్లగా ఉంది. ఇప్పుడు ఆ షెడ్డులోంచి వచ్చిన మాట ఈ లోకంలో ఇద్దరికే తెలుసు, చెప్పిన మనిషికి, చూసిన మనిషికి. ఆగయ్య మాటను ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ జవదాటలేదు. ఆయన అమ్మమన్నాడంటే అది అయిపోయిన మాట. ఆయన వద్దన్నాడంటే, టెంపో నాలుగోది లేకుండానే తిరిగి పోతుంది.

ఇంతకాలం ఆమె పెదవుల మీద చూసిన మాటను చూసినట్టే చెప్పింది. షెడ్డులో తగాదా వస్తే, ఎవరు ముందు తిట్టారో కనకవ్వనే అడిగేవాళ్లు. ఆ పేరు ఆమెకు ఉంది. ఆ పేరు ఆమెకు గర్వం కూడా.

"ఏమన్నడమ్మా తాత?" సంపత్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "మెయిన్ తీసెయ్యమందునా?"

కొడుకు ముఖంలో భయం చూసింది. తనను చెవిటిదాన్ని చేసి, పిల్లదాన్ని చేసి, రైలెక్కించి తీసుకొచ్చిన ముఖం అది. తాను కన్న ముఖం కూడా అదే. కానీ ఆ పోగులు ఎప్పుడు తెంపాలో ఈసారి ఇంకొకరు చెప్పకూడదనుకుంది.

"అమ్మొద్దంటున్నడు" అంది కనకవ్వ. "తను బతికుండంగ నాలుగోదాన్ని ముట్టొద్దంటున్నడు."

చెప్పేసింది. నోట్లోంచి వచ్చిన అబద్ధం తనకే వినబడలేదు. ఆ మాత్రం దయ ఆ చెవులు ఆమెకు చూపించాయి.

సంపత్ ముఖం పాలిపోయింది. ఫోను అందుకోవడానికి చెయ్యి చాచాడు. అప్పుడే కనకవ్వ మెడ మీద వెచ్చటి ఊపిరి తగిలి వెనక్కి తిరిగింది.

అనురాధ ఆమె భుజం వెనకే నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. శాలువా కింద తెర ఆమె కళ్లకు కూడా ఎదురుగానే ఉంది. గల్లీ షెడ్డులో కండెలు చుట్టి పెరిగిన పిల్ల. మొత్తం చూసిందని ఆ కళ్లు చెప్తున్నాయి.

అత్తా కోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. కనకవ్వ పెదవులు కదపలేదు. కళ్లతోనే బతిమాలింది. అనురాధ కళ్లలో కోపం లేదు, జాలి లేదు. ఏముందో పోల్చుకునేలోపే ఆమె పక్క నుంచి నడిచి మొగుడి దగ్గరికి పోయింది.

"అనూ, ఏం చేద్దాం?" అన్నాడు సంపత్.

అనురాధ చున్నీ పైకి లాక్కుంది. నోటికి అడ్డంగా, అంచు జారకుండా రెండు వేళ్లతో పట్టుకుంది. షెడ్డు వదిలి ఎన్నేళ్లయినా ఆ పిల్ల మరిచిపోలేదు. చున్నీ వెనక ఆమె మాట్లాడుతోంది.

కనకవ్వ మెడ చాచింది. కళ్లు చికిలించి చూసింది. పల్చటి బట్ట మెల్లగా కదలడం తప్ప ఏమీ కనబడలేదు. జీవితంలో మొదటిసారి ఆమె నిజంగా చెవిటిదై నిలబడింది.

సంపత్ వింటూ వింటూ ఫోను మీంచి తలెత్తి, తల్లి వైపు చూశాడు. వచ్చే వారం దాకా మనం ఇక్కడ ఆగుదాం.